టైపమ్మ కొట్టని పేజీ

ముప్పై ఒకటో పేజీ దగ్గర దేవకృప వేళ్లు ఆగిపోయాయి.

సినిమా స్క్రిప్టు కొట్టేటప్పుడు పేజీని నిలువునా రెండుగా విడదీసుకోవాలి. ఎడమ సగంలో కంటికి కనబడేది, కుడి సగంలో మనుషులు మాట్లాడుకునేది. ఎడమ సగంలో ఆమె అప్పుడే కొట్టిన వాక్యాలు ఇవి: అటెండరు సీలు వేసిన కవరు చంకలో పెట్టుకుని ఇరుకు మెట్లెక్కుతాడు. పైన ఒక గది. గదిలో టైపిస్టు. కవరు ఆమెకిచ్చి, తలుపు పక్కన స్టూలు మీద కూర్చుంటాడు. కుడి సగం ఖాళీ.

దేవకృప పక్కనున్న రచయిత చేతిరాత కాగితాలు తిప్పి ముందుకు చదివింది. తర్వాతి సీనులో కాలేజీ పరీక్ష పేపరు పరీక్షకు ముందే బయటపడుతుంది. ఆ పై సీనులో అటెండరును ప్రిన్సిపాల్ గదిలో నిలబెట్టి దొంగ అంటారు. ఆయన పిల్లల మీద ఒట్టేసి చెప్పినా వినిపించుకోకుండా గేటు బయటికి పంపేస్తారు.

ఆమె తలెత్తి తలుపు వైపు చూసింది. బయట అవే ఇరుకు మెట్లు. పదిహేడేళ్ల కిందట సీలు వేసిన కవరు చంకలో పెట్టుకుని ఒక అటెండరు ఎక్కి వచ్చింది ఆ మెట్లే. ఆ రోజు మిషను ముందు కూర్చున్న టైపిస్టు తనే.

అది 1995 జూలై. దేవకృపకు నలభై మూడేళ్లు. రెజిమెంటల్ బజార్‌లో మిలిటరీ యూనిఫారాలు కుట్టే దర్జీ దుకాణం మీద ఒకే ఒక గదిలో ఆమె పేజీకి ఇంతని తీసుకుని జాబ్ టైపింగ్ చేసేది. తండ్రి జకర్యా మాస్టారు బాపట్ల వైపు నుంచి వచ్చి మిషన్ స్కూల్లో ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పి, ఆ గదినీ ఒక పాత ఇంగ్లీషు టైపు మిషన్నూ కూతురికి వదిలి పోయాడు. ఆమె పెళ్లి చేసుకోలేదు. తెలుగు మిషను ఆమె సొంతంగా కొనుక్కుంది. కోర్టు కాగితాలు, థీసిస్‌లు, అర్జీలు కొట్టీ కొట్టీ, సినిమా వాళ్లు మద్రాసు వదిలి హైదరాబాదు చేరాక వాళ్ల స్క్రిప్టులకు అలవాటుపడింది. రచయితల రాత వాళ్లకే అర్థం కాని చోట ఆమెకు అర్థమయ్యేది. "ఈ సీను కొడుతుంటే నా వేళ్లకు నిద్రొస్తోంది" అని ఆమె అంటే చాలు, పెద్ద పెద్ద రచయితలు కూడా ఆ కాగితం వెనక్కి తీసుకుని మళ్లీ రాసుకొచ్చేవాళ్లు. అన్నిటికంటే ముఖ్యం, ఆ గదిలో పడిన కాగితం సంగతి బయటికి పొక్కదు. వాళ్లంతా ఆ మెట్లెక్కింది ఆ నమ్మకంతోనే.

ఈ స్క్రిప్టు మధుసూదన్‌ది. బన్సీలాల్‌పేట్ మనిషి, ముప్పై నాలుగేళ్లు. నాలుగేళ్లు పెద్ద రచయితల దగ్గర అసిస్టెంటుగా ఉండి ఇప్పుడు మొదటిసారి తన పేరు మీద రాసుకున్నాడు. శుక్రవారం పదకొండు గంటలకు ఒక నిర్మాత ముందు చదివి వినిపించాలి. పెళ్లిపత్రికల వెనక తెల్లగా ఉండే వైపు ఒక్కో సీను రాసుకుని, చెప్పుల డబ్బాలో వరుసగా పేర్చుకుని తిరిగేవాడు. సీను నచ్చకపోతే పత్రిక చింపేవాడు. ఇంకో జేబులో చిన్న క్యాసెట్ రికార్డరు ఉండేది. చాయ్ హోటళ్లలో, బస్టాపుల్లో జనం మాటలు దాన్లోకి ఎక్కించుకునేవాడు.

సోమవారం మధ్యాహ్నం అతను డబ్బా పట్టుకుని పైకొచ్చాడు.

"ఎంతవరకు అయింది మేడం?"

"ముప్పై. ఈ కథ ఎక్కడ దొరికింది నీకు?"

"ఎక్కడో ఏంది మేడం, మా గల్లీలనే. మా ఇంటెనక రాములు అని ఒకాయన ఉంటడు, కట్టెల అడ్డాల కాపలా చేస్తడు. ఒకరోజు మాటల మాటల చెప్పిండు. జెర ఇది వినుండ్రి. అటెండర్ మాటలు గీ యాసల్నే రావాలె."

రికార్డరు బల్ల మీద పెట్టి మీట నొక్కాడు. ముందు గరగర. తర్వాత ఒక మగగొంతు. కాస్త బొంగురుపోయింది కానీ, దేవకృప గుర్తుపట్టింది.

"ఆ పేపర్ నా చేతిలకెళ్లి టైపమ్మ చేతిలకు పోయింది. ఆమె చేతిలకెళ్లి మల్ల నా చేతిలకు వచ్చింది. నడుమ ఇంకో చెయ్యి లేదు. నేను తియ్యలే. ఆమె సుత తియ్యలే, మాస్టర్ సాబ్ బిడ్డ, మంచామె. మరి ఎట్ల పోయిందో నాకు ఇయ్యాల్టిదాక సమజ్ గాలే బిడ్డా. నిద్రల సుత గదే సోచాయిస్త."

మధుసూదన్ మీట నొక్కి ఆపాడు. "గీ టైపిస్టు పాత్ర మీకు నచ్చాలె మేడం. మిమ్ముల చూసుకుంటనే రాసిన."

దేవకృప కాగితాలు సర్దుతున్నట్టు తల వంచుకుంది.

"క్లైమాక్సే దొరుకుతలేదు," అన్నాడతను. "నిజంగ తీసినోడు ఎవడు? బీరువా తాళంచెయ్యి దొంగతనం అని రాస్తే నాకే నచ్చలే. పేపర్ కొట్టేది మీలాంటోల్లే గద. మీరు చెప్పుండ్రి, టైపింగ్ రూంలకెళ్లి ఒక పేపర్ ఎట్ల బైటికి పోతది?"

"నాకేం తెలుసు మధుసూదన్," అంది.

అది అబద్ధం. ఆ పేపరు ఎలా బయటికి పోయిందో ఆమెకు తెలిసినట్టు లోకంలో ఇంకొక్కరికే తెలుసు.

1978లో ఆ పేపరు ఫిజిక్సుది. రాములు తెచ్చిన చేతిరాత చూసి, కాలేజీలో వందల కాపీలు తీసుకోవడానికి ఆమె మైనం పూత ఉన్న స్టెన్సిలు కాగితం మీద కొట్టింది. స్టెన్సిలు మీద రిబ్బను లేకుండా కొడతారు కాబట్టి అక్షరం సరిగ్గా కనబడదు. అందుకని సరిచూసుకోవడానికి అడుగున ఒక కొత్త కార్బనూ, దాని కింద ఒక కాగితమూ పెట్టుకుంది. పని అయ్యాక స్టెన్సిలూ, అడుగు కాగితమూ, చేతిరాతా అన్నీ లెక్క చూసుకుని రాములు కవర్లో పెట్టుకుని వెళ్లాడు. కార్బను మాత్రం చెత్తబుట్టలో పడింది. కొత్త కార్బను మీద ఒక్కసారే కొడితే, దాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి చూసినవాడు అక్షరం అక్షరం చదవగలడు. ఆ సంగతి ఆమెకు తోచలేదు. ఆ రోజు టిఫిన్ క్యారియర్ తెచ్చిన తమ్ముడు ఆర్థర్‌కు తోచింది. ఇరవై ఏళ్లవాడు. ఆ కాలేజీలో చదివే స్నేహితుల ముందు గొప్ప కోసం ఆ కార్బను మడిచి జేబులో పెట్టుకున్నాడు. వాళ్ల చేతుల్లోంచి పేపరు కాలేజీ అంతా పాకింది.

రాములును తీసేసిన వారానికి ఆర్థర్ ఏడుస్తూ ఇంట్లో చెప్పాడు. దేవకృప కాలేజీకి వెళ్దామంది. జకర్యా మాస్టారు బైబిలు మూసి పక్కన పెట్టాడు. "వాడి బతుకు మొదలు కాకముందే మనం ఆర్పేయొద్దమ్మా," అన్నాడు. ఎన్నడూ అబద్ధమాడని మనిషి నోట ఆ మాట విన్నాక ఆమె మళ్లీ ఆ ఊసెత్తలేదు. తండ్రి పోయాక కూడా ఎత్తలేదు. అప్పటి నుంచి వాడిన ప్రతి కార్బనునూ నాలుగుగా చింపి అగ్గిపుల్ల గీసి కాల్చేది. చూసినవాళ్లు ఎంత జాగ్రత్త అని మెచ్చుకునేవాళ్లు.

బుధవారం పొద్దున మధుసూదన్ మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతూ వచ్చాడు.

"దొరికింది మేడం! అటెండరే తీసిండు!"

"ఏమిటీ?"

"అవును. సినిమా అంత బిచారా అమాయకుడు అనుకుంటం. ఆఖరికి చూస్తే ఆయననే. బిడ్డకు కాలేజీల సీటు కోసం పేపర్ తీసి క్లర్కుకు ఇచ్చిండు. ప్రొడ్యూసర్‌కు ఫోన్ల లైన్ చెప్పిన. 'గిదీ షాకంటే' అని ఎగిరి గంతేసిండు. ఇగో, పన్నెండు పేజీలు. శుక్రారం పొద్దుగాల తొమ్మిదికి వస్తా."

దేవకృప ఆ కాగితాలను ముట్టుకోలేదు. "రాములుకు తెలుసా ఇది?"

"పేరు మారుస్తం గద మేడం. సినిమా వేరే, జిందగీ వేరే."

"ఆ గల్లీలో అందరికీ ఆయన కథ తెలుసు. నువ్వు పేరు మార్చినా వాళ్లు మార్చుకోరు. నిన్ను నమ్మి చెప్పాడు కదయ్యా."

మధుసూదన్ మొహం మాడింది. "నేను సుత పరేషాన్‌లనే ఉన్న మేడం. నాలుగేండ్ల సంది గీ ఒక్క చాన్స్ కోసం తిరుగుతున్న. నిజమేందో ఎవ్వరికి ఎరుక లేనప్పుడు నేనేం రాయాలె? చెప్పుండ్రి."

ఆమె కార్బన్ల పెట్టె ముందుకు లాక్కుంది. అతను వెళ్లిపోయాడు.

మిషనులో మూడు కాగితాలు, మధ్యన కార్బన్లు పెట్టి సీను నంబరు కొట్టింది. ఎడమ సగంలో: అటెండరు చీకటి వరండాలో కవరు సీలు ఊడదీస్తాడు. 'సీలు' వరకు వచ్చి ఆగి, కాగితం లాగేసింది. ఇంకోటి పెట్టింది. ఈసారి 'అటెండరు' దాటలేకపోయింది. మూడోసారి కాగితం ఎక్కించి, మీటల మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. రాములును దొంగ అన్నప్పుడు ఆమె చేసిన తప్పు నోరు మూసుకోవడం ఒక్కటే. ఇప్పుడు ఆ మాట తన పది వేళ్లతో కొట్టి, మూడు కాపీలు తీసి ఇవ్వాలి.

సాయంత్రం బస్సెక్కి తిరుమలగిరిలో తమ్ముడింటికి వెళ్లింది. ఆర్థర్ ఇప్పుడు ఒక ఆఫీసులో సూపరింటెండెంటు, చర్చి కమిటీకి సెక్రటరీ. భార్య ప్రేమమణి వంటింట్లో ఉంది. అక్కాతమ్ముళ్లిద్దరూ ముందు వరండాలో నిలబడ్డారు. ఆమె చెప్పేది వింటూ వింటూ ఆర్థర్ తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

"మెల్లగా మాట్లాడక్కా. అప్పుడు నాకు ఇరవై ఏళ్లు."

"ఇప్పుడు ముప్పై ఏడు."

"ఆ పేజీలు కొట్టిచ్చెయ్. ఎవడో రాశాడు, నువ్వు కొట్టావు. నీ పని అదే కదా. నీకెందుకు?"

"నా చేత్తో ఆయన్ని దొంగ అని కొట్టలేను ఆర్థర్."

"అయితే మిషను పాడైందని చెప్పు. ఇంకొకడు కొడతాడు." ఆమె సంచి భుజానికి తగిలించుకునేసరికి అతని గొంతు మారింది. "నువ్వు ఆయన దగ్గరికి వెళ్లాలనుకుంటున్నావు. నాకు తెలుసు. ఒక్కటి ఆలోచించుకో. కార్బను బుట్టలో వేసింది నువ్వు. నా పేరు బయటికొస్తే నీ పేరూ వస్తుంది. టైపిస్టు గదిలోంచి కాగితం బయటికి పోయిందని తెలిశాక నీ మెట్లెక్కేది ఎవరు? తిండెలా తింటావు?"

ఆ మాట నిజమే.

"నాన్నగారు చెప్పినమాట కూడా నీకు లెక్కలేదా?" అన్నాడు ఆర్థర్.

"నాన్నగారు చనిపోయేముందు రెండు నెలలు ప్రార్థన చేయలేకపోయారు. నువ్వు అప్పుడు విజయవాడలో ఉన్నావు. నేను పక్కన ఉన్నాను."

ఆర్థర్ మొహం తిప్పుకున్నాడు. "నువ్వు వెళ్తే మాత్రం మళ్లీ ఈ ఇంటికి రావద్దు," అన్నాడు. ప్రేమమణి టీ కప్పులతో తలుపు తీసేసరికి దేవకృప గేటు దాటుతోంది.

గురువారం పొద్దున ఆమె గది తలుపు లోపల గడియ వేసుకుని ఒకే ఒక పేజీ, మూడు కాపీలు వచ్చేలా కొట్టింది. ఏ సంవత్సరం, ఏ కాలేజీ, ఏ పేపరు, కార్బను ఎలా మిగిలింది, ఎవరు తీశారు, ఎప్పుడు తెలిసింది, తెలిసీ ఎన్నేళ్లు చెప్పలేదు. తప్పుల్లేకుండా కొట్టే మనిషి, ఆ పేజీలో నాలుగు చోట్ల కొట్టివేసి మళ్లీ కొట్టింది. కింద సంతకం పెట్టింది. మూడు కాపీలూ సంచిలో పెట్టుకుని బన్సీలాల్‌పేట్‌కు నడిచింది.

రాములు ఇంటి ముందు మంచం మీద కూర్చుని బీడీ ముట్టించబోతున్నాడు. జుట్టంతా నెరిసింది. ఆమెను చూసి గబాలున లేచాడు.

"అమ్మా! మాస్టర్ సాబ్ బిడ్డ గాదు? ఇన్నేండ్లకు! బాలమ్మా, గీ స్టూల్ తే. కూసో అమ్మా."

"కూర్చోను రాములూ. ముందు నేను చెప్పేది విను."

నిలబడే చెప్పింది. ఏ కాగితం చూడకుండా మొదటి నుంచి చివరి దాకా చెప్పింది. రాములు చేతిలో బీడీ అలాగే ఉండిపోయింది. స్టూలు తెచ్చిన బాలమ్మ గుమ్మంలోనే ఆగి, అంతా విని, స్టూలును నేలకేసి కొట్టినంత పని చేసింది.

"పదిహేడేండ్లు!" అంది బాలమ్మ. "పదిహేడేండ్లు మమ్ముల దొంగలన్నరు. నా బిడ్డ లగ్గం రెండుసార్లు తప్పిపోయింది. వాడకట్టుల ఏది పోయినా మా ఇంటి దిక్కే చూసిన్రు. నువ్వు మేడ మీద కూసోని టకటక కొట్టుకున్నవా? ఎరుకుండి కొట్టుకున్నవా?"

"ఎరుకుండే," అంది దేవకృప.

"నువ్వు ఊకో," అన్నాడు రాములు భార్యతో. తర్వాత ముట్టించని బీడీని మళ్లీ కట్టలో దోపాడు. గల్లీలో ఎవరో నీళ్ల కోసం బిందెలు వరుస పెడుతున్న చప్పుడు. తలెత్తి, "కార్బన్ కాయితమా?" అన్నాడు. "నేను స్టూల్ మీద కూసోని కన్నార్పకుంట నీ చేతులనే చూస్తున్న అమ్మా. కార్బన్ బుట్టల ఏసింది సుత చూసిన. గది కాయితమే గాదనుకున్న." తల అడ్డంగా ఊపాడు. అతని కళ్లలోకి నీళ్లొచ్చాయి. "నేను గూడ చూసిన."

దేవకృప సంచిలోంచి కాగితం తీసి చదివి వినిపించింది. రాములు అంతా విన్నాడు.

"గిది నాకిస్తే నేనేం జేస్త? కాలేజీల ఇయ్యాలె. నన్ను ఏ రూంల నిలబెట్టిన్రో గా రూంల. నీ చేతులతోని నువ్వే ఇయ్యాలె. నేను పక్కన నిలబడ్త."

"రేపు వెళ్దాం," అంది ఆమె.

శుక్రవారం ఎనిమిదిన్నరకే రాములు ఇస్త్రీ చొక్కా వేసుకుని గదికి వచ్చాడు. తొమ్మిది కొట్టేసరికి మధుసూదన్ వచ్చాడు. గుమ్మంలో అడుగు పెట్టి రాములును చూసి ఒక్క క్షణం తికమకపడ్డాడు.

"కాకా, నువ్వేంది ఈడ?" అని, దేవకృప వైపు తిరిగి, "అయినయా మేడం? ఆటో కింద ఆపిన," అన్నాడు.

"ఆ పన్నెండు పేజీలు కొట్టలేదు మధుసూదన్."

"ఏందీ?"

"కొట్టను. మిగిలింది అంతా ఇదిగో, కుట్టి పెట్టాను."

అతని మొహంలోకి రక్తం ఎక్కింది. "మేడం, పదకొండుకు రీడింగ్! మీ మీద భరోసా పెట్టుకున్న. ఒక్క రోజు ముందు చెప్తే ఇంకో కాడ కొట్టించుకుంటుంటి గద! నా బతుకుతోని ఆటలాడుతున్నరా?"

"తప్పే. నిన్ననే చెప్పాల్సింది, నాకు ధైర్యం చాలలేదు. నీ కథలో టైపిస్టును నేనే. పేపరు తీసింది నా తమ్ముడు. కార్బను మీద చదివి తీశాడు."

ఆమె కార్బను సంగతి చెబుతుంటే మధుసూదన్ కోపం మెల్లగా ఇంకిపోయింది. దాని వెనకే అతని కళ్లలో ఇంకేదో వెలిగింది. కుడిచెయ్యి తెలియకుండానే జేబులోని రికార్డరు మీదికి పోయింది.

"బంద్ చెయ్యి బిడ్డా," అన్నాడు రాములు.

మధుసూదన్ చెయ్యి తీసేశాడు. బల్ల మీదున్న కొట్టని కాగితాలు చూశాడు. ఆ చివరి పేజీలో రాములు ఏం చేసినట్టు తను రాశాడో ఆ గదిలో ఇద్దరికి తెలుసు. మూడో మనిషికి ఇంకా తెలియదు.

"కాకా, నేను గీ కథల..." అని మొదలుపెట్టి ఆగాడు. దేవకృప అతన్నే చూస్తోంది. "నేను ఆఖరికి నువ్వే తీసినట్టు రాసిన కాకా."

రాములు కండువా సర్దుకున్నాడు. "నిన్నటిదాక గదే అనుకున్నరు అందరు. నీదేముంది," అన్నాడు. ఆ మాట తిట్టు కంటే గట్టిగా తగిలింది. మధుసూదన్ ఆ పన్నెండు కాగితాలూ తీసుకుని ఉండచుట్టి జేబులో కుక్కుకుని, కుట్టిన కట్ట పట్టుకుని మెట్లు దిగాడు.

కాలేజీకి కాగితం తీసుకెళ్తున్నానని దేవకృప ముందు రాత్రే ఆర్థర్‌కు ఫోను చేసి చెప్పింది. కాలేజీ గేటు దగ్గర అతను స్కూటరు పక్కన నిలబడి ఉన్నాడు. షేవింగ్ కూడా చేసుకోలేదు. దేవకృపకు ఎదురొచ్చి చెయ్యి చాపాడు.

"ఆ కాగితం ఇలా ఇవ్వక్కా. నీ కాళ్లు పట్టుకుంటాను. నాకు ఇద్దరు పిల్లలున్నారు."

ఆమె సంచి రొమ్ముకు అదుముకుంది. ఆర్థర్ సంచి కొస పట్టుకున్నాడు. కాలేజీ పిల్లలు ఆగి చూస్తున్నారు. రాములు ముందుకొచ్చి ఇద్దరి మధ్యా నిలబడ్డాడు. ఆర్థర్‌ను కింది నుంచి మీది దాకా చూశాడు.

"నువ్వేనా? టిఫిన్ డబ్బా తెచ్చిన పిల్లగానివి?"

ఆర్థర్ పట్టు సడలింది. తలూపాడు.

"నాకు సుత ఇద్దరుండిరి అప్పుడు," అన్నాడు రాములు.

ఆర్థర్ రెండడుగులు వెనక్కి వేసి స్కూటరు సీటు పట్టుకుని నిలబడ్డాడు. లోపలికి రాలేదు. వెళ్లిపోనూ లేదు.

ప్రిన్సిపాల్ కొత్తాయన. పాత సంగతి ఏదీ తెలియదు. కాగితం రెండుసార్లు చదివి, "ఇన్నేళ్లకు దీన్ని తెచ్చి నన్నేం చేయమంటారమ్మా?" అన్నాడు. ఆ రోజుల్లో ఉన్న మేనేజిమెంటు లేదనీ, ఫైళ్లు ఎక్కడున్నాయో తెలియదనీ చెప్పాడు. కాగితం వెనక్కి ఇవ్వబోయాడు.

దేవకృప అందుకోలేదు. "మీరు తీసుకున్నట్టు ఈ రెండో కాపీ మీద సంతకం, ముద్ర వేసివ్వండి సార్. వేసేదాకా మేమిద్దరం ఇక్కడే నిలబడతాం. ఈయన్ని ఈ గదిలోనే నిలబెట్టారు."

గోడ గడియారం మీద పెద్దముల్లు ఒక పావు చుట్టు తిరిగింది. ప్రిన్సిపాల్ ఫోను చేశాడు, ఇంకో ఫోను చేశాడు, గుమస్తాను పిలిచాడు. గుమస్తా ముద్ర తెచ్చాడు.

ఆ తర్వాత జరిగింది చెప్పాలి. ఆర్థర్ అన్నట్టే జరిగింది. రెండు నెలల్లో లాయర్లు మానేశారు, సినిమా వాళ్లలో సగం మంది మానేశారు. పగలంతా ఒక్క కాగితం రాని రోజులు ఉండేవి. ఆమె ఇంగ్లీషు మిషను అమ్మేసింది. ఆర్థర్ ఆ ఆదివారమే చర్చి కమిటీ నుంచి తప్పుకున్నాడు. కారణం ఎవరికీ చెప్పలేదు. అక్కతో మూడేళ్లు మాట్లాడలేదు. ఆ తర్వాత మాట్లాడినా పొడిపొడిగానే. రాములు దగ్గరికి వెళ్లమని ఆమె ఒకసారి అడిగితే, "వెళ్లి ఏమనను?" అన్నాడు. వెళ్లలేదు.

ఆ శుక్రవారం మధుసూదన్ నిర్మాతకు చివరి భాగం నోటితోనే చెప్పాడు. పేపరు తీసింది టైపిస్టు తమ్ముడనీ, ఆమె చివరికి కాలేజీకి వెళ్తుందనీ చెబితే, నిర్మాత ఆవులించి, ఫోన్లో చెప్పిన షాకు ఏదని అడిగాడు. ఆ సినిమా తీయలేదు. మధుసూదన్ తర్వాత టీవీ సీరియళ్లకు రాశాడు. నలుగురు రచయితలను మళ్లీ ఆ మెట్లెక్కించింది అతనే. కొత్త శతాబ్దం వచ్చేసరికి దేవకృప కంప్యూటరు నేర్చుకుంది. స్క్రిప్టు పేజీ రెండుగా విడదీయడం దాన్లో ఒక్క మీట పని అని తెలిసి నవ్వుకుంది.

ఆ కాగితం ఇచ్చిన తర్వాత కాలేజీ వాళ్లు రాములును ఎనిమిది నెలలు తిప్పారు. తొమ్మిదో నెలలో ఒక కాగితం ఇచ్చారు. దాన్ని పట్టుకుని అతను రెజిమెంటల్ బజార్‌కు వచ్చి, ఆమె ముందు బల్ల మీద పెట్టాడు.

"ఇంగ్లీషుల ఉన్నది. సదివి తెలుగుల చెప్పు."

ఆమె చదివింది. శ్రీ రాములు ఈ కాలేజీలో తొమ్మిదేళ్లు అటెండరుగా పనిచేశారు. 1978 నాటి ప్రశ్నపత్రం విషయంలో ఆయన తప్పు లేదని తేలింది. ఆయన్ని తొలగించినందుకు విచారిస్తున్నాం.

"నౌకరీ సంగతి ఏం లేదా?"

"లేదు రాములూ."

"మంచిది." కాసేపు కిటికీలోంచి బజారును చూశాడు. "నా పేరున్న కాడ ఇంకోసారి సదువు."

ఆమె చదివింది. అతను కాగితం మడిచి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు.

"బాలమ్మకు సుత వినిపియ్యాలె," అని లేచి, మెట్లు దిగి వెళ్లిపోయాడు.